కంబన్న ఎంచిన దుర్భిణి

కంబన్న కన్ను గురించి ఎర్రదిన్నెలో ఎవరినడిగినా చెప్తారు. ఊరికి పడమట మైలు దూరాన బండి కనబడితే చాలు, అది ఎవరి బండో, కట్టిన ఎద్దులు ఎవరివో, తోలేవాడు మెలకువగా ఉన్నాడో తూగుతున్నాడో మంచె దిగకుండానే చెప్పేవాడు. మొహాలు చూసి చెప్పేవాడనుకునేరు. మైలు దూరంలో మొహం ఎవడికి కనబడుతుంది? ఆ చదును నేలల్లో మనిషిని నడకతో పోలుస్తారు, తలగుడ్డ చుట్టిన తీరుతో పోలుస్తారు, భుజాన వేసిన గొంగడితో పోలుస్తారు. పుట్టినప్పటి నుంచీ అందరికీ అదే అలవాటు. కాకపోతే కంబన్న అందులో మిగతావాళ్ళకంటే నాలుగాకులు ఎక్కువే చదివాడు. ఇరవై ఏళ్ళుగా జొన్నచేలకు కాపు కాస్తూ, వడిసెల తిప్పి పిట్టలను తోలుతూ, అదే పనిగా దూరం చూసిన మనిషి మరి. ఊళ్ళో కుర్రకారు మొదట్లో అతనితో పందేలు కాసేవారు గానీ, ఓడీ ఓడీ విసుగెత్తి మానేశారు.

ఆ కన్నే అతన్ని కర్నూలు కోర్టు దాకా లాక్కొచ్చింది.

జరిగిందేమిటంటే, ఆ ఏడు మాఘమాసంలో ఒక సాయంత్రం, ఇళ్ళల్లో దీపాలు పెట్టే వేళ, దేవేంద్రప్పగారి జొన్నసొప్ప వామి అంటుకుంది. దేవేంద్రప్ప ఆ ఊళ్ళో పెద్ద ఆసామి. కంబన్న కాపు కాసేది ఆయన చేలకే. వామి పోతే పోయింది, మళ్ళీ వేసుకోవచ్చు. దాని పక్కన గుడిసెలో ఆయన పశువులు కాసే మహానంది తాత జ్వరంతో పడుకుని ఉన్నాడు. లేచి బయటికి రాలేకపోయాడు. జనం బిందెలతో పరిగెత్తుకొచ్చేసరికి గుడిసె కూడా లేదు, తాతా లేడు.

పొగ లేవడానికి కాసేపటి ముందు, వామి వైపు నుంచి ఒక మనిషి ఒంటరిగా పొలాలకడ్డం పడి పోవడం కంబన్న మంచె మీది నుంచి చూశాడు. నల్ల గొంగడి, దానికి తెల్ల అంచు. ఎడమ భుజం కిందికి వంగి ఉంది, అడుగు వేసినప్పుడల్లా కుడి కాలు పక్కకు విసిరినట్టు పడుతోంది. ఆ నడక ఎవరిదో ఎర్రదిన్నెలో పసిపిల్లలకు కూడా తెలుసు. చిన్నప్పుడు బండి మీది నుంచి పడి భుజం జారినప్పటి నుంచీ లక్ష్మన్న అట్లాగే నడుస్తాడు. పైగా బావి నీళ్ళ వంతు దగ్గర లక్ష్మన్నకూ దేవేంద్రప్పకూ వారం కిందటే మాటా మాటా పెరిగింది. మంటలార్పి ఊరంతా నిలబడి ఉండగా, "ఈ తట్టు నుంచి పోయింది లక్ష్మన్నే, నేను చూసినా" అని కంబన్న అందరి ఎదుటా అనేశాడు.

లక్ష్మన్న ఎవరో చెప్పలేదు కదూ. కంబన్న సొంత చెల్లెలు ఉరుకుందమ్మ మొగుడు.

మర్నాడు పోలీసులు లక్ష్మన్నను పట్టుకుపోయాక ఉరుకుందమ్మ అన్న ఇంటికి వచ్చి గుమ్మంలో కూలబడింది. "అన్నా, ఆ పొద్దు ఆయన ఇల్లు కదల్లే. నేను రొట్టెలు కొడతాంటే పొయ్యి కాడనే కూచోనుండాడు. పెనం మీది సుడిసుడి రొట్టె తీసుకోని తిన్నాడు. నా మాట నమ్మన్నా" అంది.

"మొగుడు కాబట్టి నువ్వు అట్లనే చెప్తావు. నేను నా కండ్లతో చూసినా" అన్నాడు కంబన్న.

"నీ కండ్లేనా ఉండేది, నాకు లేవా?" అని లేచి వెళ్ళిపోయింది. ఆనాటి నుంచి అన్నకు మొహం చూపించలేదు. వీధిలో ఎదురైతే కొంగు మొహమ్మీదికి లాక్కుని గోడ వైపు తిరిగి నిలబడేది. తల్లి పోయాక తన భుజాన ఎత్తుకుని పెంచిన పిల్ల అట్లా తిరుక్కుంటే కంబన్న తలొంచుకుని పక్క సందులోంచి పోయేవాడు. అయినా చూసింది చూడలేదని ఎట్లా చెప్పడం? ఊరు కూడా అతన్ని తక్కువ మెచ్చుకోలేదు. సొంత చెల్లెలి మొగుడని కూడా చూడకుండా నిజం చెప్పాడు, మనిషంటే వాడు అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా కంబన్నకు లోపల బాధగానూ ఉండేది, పైకి కాస్త గర్వంగానూ ఉండేది. ఉన్నదున్నట్టు చెప్పుకోవాలంటే గర్వమే ఎక్కువ.

కేసు ఏప్రిల్లో కర్నూలు కోర్టుకు విచారణకు వచ్చింది. కంబన్న ఒక్కడే కంటితో చూసిన సాక్షి. అతని మాట నిలబడితే లక్ష్మన్నకు ఉరి అయినా పడవచ్చు, యావజ్జీవమైనా పడవచ్చు. పడకపోవడమనేది ఉండదని దేవేంద్రప్ప పెట్టిన వకీలు చెప్పాడు. చెల్లెలి మొగుడి మీద చెల్లెలి అన్నే సాక్ష్యం చెప్తున్నాడు, ఇంక దానికి తిరుగేముంది అన్నాడు.

ఆ రోజు తెల్లవారి బస్సుకు బయల్దేరి దేవేంద్రప్పా కంబన్నా కర్నూలు చేరారు. రాజధాని అయిన కొత్త. ఎక్కడ చూసినా గుడారాలు, గుడారాల్లో కచ్చేరీలు, వాటి ముందు కాగితాలు పట్టుకుని జనం. కోర్టుకు పోతే, కేసు మధ్యాహ్నం రెండు గంటలకు పిలుస్తారన్నారు.

"అంతసేపు ఈ ఎండలో యాడ కూచుంటాం? పా, దుర్భిణి కొనుక్కొద్దాం" అన్నాడు దేవేంద్రప్ప.

వామి కాలినప్పటి నుంచీ ఆయనకు దుర్భిణి పిచ్చి పట్టింది. ఊరి వెనక గుట్టెక్కి నిలబడితే తన పొలం నాలుగు మూలలూ కనబడాలి. మెడకు వేలాడే గుదిబండ వద్దు. చొక్కా జేబులో పట్టాలి, సైకిలెక్కినా గుట్టెక్కినా అడ్డం రాకూడదు, దూరాన ఉన్నదాన్ని కావలసినంత దగ్గరికి లాగాలి. అట్లాంటివి పాతబస్తీలో ఖాసిం సాహెబు అంగడిలో ఉన్నాయని ఎవరో చెప్పారు. ఎంచడానికి కంబన్నను మించిన మనిషి ఎవరు?

ఖాసిం సాహెబుది పాత మిలిటరీ సామాన్ల అంగడి. యుద్ధమైపోయాక సిపాయిలు వదిలేసిన బూట్లు, నీళ్ళ సీసాలు, దోమతెరలు, చేతులు చిరిగిన కాకీ కోట్లు గుట్టలుగా పోసి ఉన్నాయి. సాహెబు అరవై దాటిన మనిషి, మాట మెత్తన. దుర్భిణి అనగానే ఒక రేకు పెట్టె చంకన పెట్టుకుని, "ఈడ చీకట్లో ఏం చూస్తారు, మిద్దె మీదికి రాండి. నది అంతా కనబడతాది" అని మెట్లెక్కించాడు.

మిద్దె మీది నుంచి చూస్తే ఎదురుగా తుంగభద్ర. ఆ ఎండల్లో నది ఎక్కడుంది, ఒడ్డు నుంచి ఒడ్డుకు ఇసుకే. ఇసుక నడుమ ఎక్కడో సన్నటి పాయ మెరుస్తోంది. దాని దగ్గర మనుషులు చుక్కలుగా కదులుతున్నారు. అవతలి గట్టు హైదరాబాదు రాష్ట్రం వాళ్ళది.

కంబన్న ఎంచే పద్ధతి ఒకటే. "ముందు నేను వట్టి కంటితో చూసి చెప్తా. నా కన్ను చెప్పిందే గాజు చెప్తే, అది మంచి గాజు" అన్నాడు.

ఖాసిం సాహెబు గడ్డం నిమురుకుంటూ, "అందరూ దుర్భిణితో కన్నును పరీక్ష చేస్తారు. నువ్వు కన్నుతో దుర్భిణిని చేస్తాండావు. చెయ్యి భాయ్, నాకేం పోయింది" అన్నాడు.

మొదట తీసింది ఓడల మీద వాడేదట. చూపు బాగానే ఉంది గానీ ఎత్తి పట్టుకోవాలంటే రెండు చేతులూ లాగేస్తున్నాయి. "దీన్ని మెడకేసుకోని చేను చుట్టొస్తే పొద్దుమునిగేసరికి మెడ ఉండదు" అని కంబన్న పక్కన పెట్టాడు. రెండోది ముత్యపు చిప్ప అతికించిన ముద్దులొలికే బుల్లిది. దొరసానులు నాటకాలు చూడ్డానికి వాడేదని సాహెబే ఒప్పుకున్నాడు. దాంట్లోంచి చూస్తే నది ఉన్నచోటే ఉంది, రెండడుగులు కూడా ముందుకు రాలేదు. మూడోదానికి లోపల బూజు. నాలుగోది తీసినప్పుడు దేవేంద్రప్ప మొహం విప్పారింది. అరచేతిలో పట్టే వస్తువు, మడిస్తే ఇంకా చిన్నదవుతుంది. నడుమ చిన్న మీట ఉంది. అది అటు జరిపితే నది దగ్గరికి వస్తుంది, ఇంకా జరిపితే ఇంకా దగ్గరికి వస్తుంది.

"ఇది ఏ దేశందో నాకూ తెలీదు. మీట ఉండేది నా దగ్గరికి ఇదొక్కటే వచ్చింది" అన్నాడు సాహెబు.

కంబన్న వట్టి కంటితో ఇసుక వైపు చూశాడు. "అద్దో, ఆ పాయ ఈవల ఒక ముసలాయన కూచోనుండాడు. ఎర్ర తలగుడ్డ. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకోనుండాడు. ఇప్పుడు చూద్దాం" అని దుర్భిణి కంటికి పెట్టుకున్నాడు. ముసలాయన లేడు. నల్లబండ మీద ఎవరో ఎర్రచీర ఆరేశారు.

కంబన్న దుర్భిణి దించి, దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "దీంట్లో ఏదో దోషముండాది సాహెబూ. ఉన్నది చూపియ్యకుండా వేరేది చూపిస్తాండాది."

దేవేంద్రప్ప పకపకా నవ్వాడు. "ఏమప్పా కంబన్నా, బండకు తలగుడ్డ చుట్టినావా? కానీలే, ఎండ శానా ఉండాది. నిదానంగా చూడు" అన్నాడు. కంబన్నకు ఆ నవ్వు నచ్చలేదు. ఇరవై ఏళ్ళల్లో తన చూపు మీద ఎవరూ నవ్వలేదు. ఈసారి తప్పే సందు లేకుండా, కదిలే మనిషినే ఎంచుకుని చెప్పాలని కళ్ళు చికిలించి పాయ వెంబడి వెతికాడు.

అప్పుడు కనబడ్డాడు.

పాయ దగ్గర నుంచి ఊరి వైపు ఇసుకలో ఒంటరిగా నడిచి వస్తున్నాడు. నల్ల గొంగడి, తెల్ల అంచు. ఎడమ భుజం కిందికి వంగి ఉంది. అడుగడుక్కీ కుడి కాలు పక్కకు పడుతోంది.

కంబన్న రెండడుగులు ముందుకు వేసి మళ్ళీ చూశాడు. ఒళ్ళంతా చల్లబడింది, అంత ఎండలోనూ. "అయ్యా, ఆడ చూడు. లక్ష్మన్న" అన్నాడు.

దేవేంద్రప్ప చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. ఆయన మొహంలో నవ్వు అట్లాగే ఆగిపోయింది. "లక్ష్మన్నే" అన్నాడు. "వాడు జైల్లో ఉండాడు గదరా. పొద్దున్నే వకీలు చూసొచ్చినాడు. ఎట్ల బయటికొచ్చినాడు వీడు?"

"ఎవరు బాబూ లక్ష్మన్న?" అని సాహెబు అడిగాడు.

కంబన్న దుర్భిణి ఎత్తాడు. మొదట ఇసుకే కనబడింది. వెతకగా వెతకగా నల్ల గొంగడి దొరికింది. మీట జరిపాడు. గొంగడి కంటి నిండా వచ్చింది. తెల్ల అంచు మీద మాసిక కూడా తెలుస్తోంది. ఇంకాస్త జరిపాడు. గొంగడి ముసుగులో మొహం కనబడింది.

అది ఉరుకుందమ్మ.

మొగుడి గొంగడి ఎండకు తలమీదుగా కప్పుకుంది. ఎడమ చంకన నీళ్ళ బిందె, బిందె మీద తడిబట్టల మూట, రెండూ గొంగడి కింద దాగి ఉన్నాయి. ఆ బరువుకు ఎడమ భుజం ఒరిగింది. ఒరిగిన భుజానికి సరితూగడానికి కుడి కాలు పక్కకు పెడుతోంది. జైలు దగ్గర ఎక్కడో తలదాచుకుని, మొగుడి గుడ్డలు ఉతికి తీసుకుపోతోందని చూస్తేనే తెలుస్తోంది.

రెండు నెలలుగా తనకు కనబడని మొహం అది. చెయ్యి చాపితే అందేటంత దగ్గరగా ఉంది. చెంపలు లోపలికి పోయాయి. పెదవులు పగిలి ఉన్నాయి. కాలికి చెప్పుల్లేవు; కాలుతున్న ఇసుకలో నాలుగడుగులకొకసారి ఆగి, గొంగడి అంచు కింద వేసుకుని దాని మీద నిలబడి, మళ్ళీ నడుస్తోంది. అన్న చూస్తున్నాడని తెలియదు కాబట్టి కొంగు అడ్డం పెట్టుకోలేదు.

దుర్భిణి దించాడు. ఇసుకలో లక్ష్మన్న నడుస్తున్నాడు. కంటికి పెట్టుకున్నాడు. ఉరుకుందమ్మ. దించాడు. లక్ష్మన్న.

"ఇది పాడు గాజు" అని గొణిగి దాన్ని పిట్టగోడ మీద పెట్టేసి, ఓడల దుర్భిణి లాక్కుని చూశాడు. ఉరుకుందమ్మే. బూజు పట్టినదాంట్లో చూశాడు. మసక మసకగా ఉరుకుందమ్మే. సాహెబు పెట్టెలో అడుగున ఒకటి, పగిలింది, ఒక కన్నే పనిచేసేది ఉంటే దాన్నీ లాగాడు. పెట్టెలో ఉన్న గాజులన్నీ కూడబలుక్కుని తన మీద ఒకే అబద్ధం ఆడుతాయా? ఆ మాట తనే అనుకున్నాడు, అనుకున్నాక పగిలినదాన్ని కూడా దించేశాడు.

దేవేంద్రప్ప చిన్న దుర్భిణి తీసుకుని తనూ చూశాడు. చాలాసేపు చూశాడు. దించి, దాన్ని మడిచి పిట్టగోడ మీద పెట్టాడు.

ఆమె ఇసుక దాటింది, గట్టెక్కింది, సందులో నుంచి అంగడి ముందుకే వచ్చింది. కంబన్న పిట్టగోడ పట్టుకుని కిందికి చూశాడు. ఇప్పుడు గాజూ లేదు, దూరమూ లేదు. ఇరవై అడుగుల కింద బిందె చంకన పెట్టుకుని పోతున్నది తన చెల్లెలు. మేడ మీద మనుషులున్నారని తల ఎత్తి చూసింది. అన్నను పోల్చుకుని, గొంగడి మొహమ్మీదికి లాక్కుని, గోడ వైపుగా తిరిగి వెళ్ళిపోయింది.

కంబన్న మిద్దె మీద కూలబడ్డాడు. తన కన్ను తప్పింది. ఒక్కసారి తప్పిందంటే ఇంకెన్నిసార్లు తప్పిందో. అన్నీ వదిలేసినా, ఆ మాఘమాసం సాయంత్రం? ఆ రోజు ఇంత వెలుతురు కూడా లేదు. మొహం చూడలేదు. గొంగడి చూశాడు, ఒరిగిన భుజం చూశాడు. చంకన ఏదైనా మూట ఉండి ఉంటే ఎవరి భుజమైనా ఒరుగుతుంది. నల్ల గొంగడికి తెల్ల అంచు తాలూకాలో వెయ్యి మందికి ఉంటుంది. అదంతా అప్పుడూ తెలిసిందే కదా. తెలిసి కూడా లక్ష్మన్న అని ఎందుకన్నాడు? ఎప్పుడూ తప్పలేదు కాబట్టి అన్నాడు. ఇరవై ఏళ్ళుగా బండి ఊళ్ళోకి వచ్చేలోపల అందరూ తమ తమ పనుల్లో పడేవాళ్ళు. నిజంగా ఎవరు దిగారో ప్రతిసారీ పోయి చూసిందెవరు?

"కాసిన్ని నీళ్ళు తాగు భాయ్" అని సాహెబు చెంబు అందించాడు. చెంబు పట్టుకున్నాడు గానీ తాగలేదు.

"అయ్యా, ఆ పొద్దు నేను చూసింది లక్ష్మన్న కాదేమో" అన్నాడు దేవేంద్రప్పతో.

దేవేంద్రప్ప వెంటనే కోప్పడలేదు. పక్కన చతికిలబడి నెమ్మదిగా చెప్పాడు. "చూడు కంబన్నా. ఈ పొద్దు ఎండకు కండ్లు చెదిరినాయి. నాకూ చెదిరినాయి. దానికీ దీనికీ ముడి పెట్టద్దు. మహానంది నన్ను ఎత్తుకోని పెంచిన మనిషి. బొగ్గయిపోయిన వాణ్ణి నా చేతులతో చాప మీద పెట్టినా. వానికి ఎవరు జవాబు చెప్తారు? నువ్వు వెనక్కి తిరిగితే ఇంక ఎవరూ చెప్పరు."

"ఎవరో ఒకరు చెప్పాలని లక్ష్మన్నతో చెప్పిస్తామా?"

"లక్ష్మన్న కాదని మాత్రం నీకు తెలుసునా?"

తెలియదు. లక్ష్మన్న అని తెలియదు, కాదనీ తెలియదు. తనకు తెలిసిందల్లా ఒక గొంగడీ ఒక నడకా. అంత మాత్రానికి ఒక మనిషి మెడకు తాడు దాకా తెచ్చాడు.

దేవేంద్రప్ప చిన్న దుర్భిణి కొని జేబులో వేసుకున్నాడు. ఎంచినంతలో అదే మంచిదని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ కోర్టు దారి పట్టారు.

రెండు గంటలకు కేసు పిలిచారు. బోనులో లక్ష్మన్న నిలబడి ఉన్నాడు. రెండు నెలల్లో సగమయ్యాడు. ఒరిగిన ఆ భుజాన్ని కంబన్న మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. వెనక గోడ దగ్గర ఉరుకుందమ్మ ముసుగు వేసుకుని కూర్చుని ఉంది.

ప్రమాణం చేయించాక ప్రభుత్వ వకీలు ధీమాగా లేచాడు. ఆ సాయంత్రం మంచె మీద ఉన్నావా అంటే ఉన్నానన్నాడు. వామి వైపు నుంచి మనిషి పోవడం చూశావా అంటే చూశానన్నాడు. "ఆ మనిషి ఎవరు?" అన్నాడు వకీలు.

"ఎవరో తెలీదు సామీ" అన్నాడు కంబన్న.

వకీలు కాగితం తిప్పి, "లక్ష్మన్న అని పోలీసుల ముందు చెప్పింది నువ్వు కాదా?" అని అడిగాడు.

"నేనే సామీ. నేను చూసింది గొంగడిని. చూసింది నడకను. లక్ష్మన్న అనింది నా నోరు. మొగం నేను చూల్లే. ఆ దూరం నుంచి ఎవరికీ కనపడదు. ఊర్లో ఎవరినీ మొగం చూసి పోల్చింది లేదు నేను."

"రెండు నెలలు గుర్తురాని సంగతి ఈ రోజు ఎట్లా గుర్తొచ్చింది? నీ చెల్లెలు వచ్చి ఏడ్చిందా?"

"నా చెల్లెలు నాతో మాట్లాడి రెండు నెలలాయ. ఈ పొద్దు మధ్యాహ్నం ఏట్లో లక్ష్మన్న నడిచొస్తాంటే చూసినా సామీ. నా కండ్లతో చూసినా. దేవుని మీద ఒట్టేసి చెప్పేవాణ్ణి. దుర్భిణి పెట్టి చూస్తే మా చెల్లెలు. ఆయప్పేమో జైల్లో ఉండ్య." బోను వైపు చెయ్యి చూపాడు. "నా కన్ను అంతే సామీ. అంత మాత్రం కన్నును పట్టుకోని మనిషిని ఉరి తియ్యద్దండి."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. సాక్షి ఎదురు తిరిగాడని వకీలు అన్నాడు, చెల్లెలి కోసం అబద్ధమాడుతున్నాడని గంటసేపు కుళ్ళబొడిచాడు. నిజం చెప్పాడని ఊరు మెచ్చుకున్న కంబన్న అబద్ధాలకోరనిపించుకుని కోర్టు వరండాలోకి వచ్చాడు. దేవేంద్రప్ప అతని వైపు చూడకుండా సాయంత్రం బస్సెక్కి వెళ్ళిపోయాడు. ఆ బస్సులో ఎక్కడానికి కంబన్నకు మొహం చెల్లలేదు. ఊరికి కబురు ముందే పోతుంది. ఆ మంచె ఇంక తనది కాదు. తన కన్ను గురించి ఊళ్ళో ఎవరూ గొప్పగా చెప్పరు. అందుకు పెద్దగా దిగులు పడలేదు. దిగులంతా ఇంకొకటి. తను చెప్పింది జడ్జి నమ్మాడో లేదో.

నాలుగు రోజులకు తీర్పు చెప్పారు. వేరే సాక్ష్యం లేనందున లక్ష్మన్నను విడుదల చేశారు. ఆ నాలుగు రోజులూ కంబన్న కర్నూలు వదల్లేదు. ఖాసిం సాహెబు అంగడి అరుగు మీద పడుకుని, సాహెబు పెట్టింది తిన్నాడు. వామికి నిప్పు పెట్టింది ఎవరో, అసలు ఎవరైనా పెట్టారో, తాత పొయ్యిలో నిప్పురవ్వే ఎగిరిందో, ఎర్రదిన్నెలో ఎవరికీ ఈనాటికీ తెలియదు.

జైలు గేటు దగ్గర కంబన్న ఒక పక్కగా నిలబడ్డాడు. లక్ష్మన్న బయటికి వచ్చాడు. ఉరుకుందమ్మ గొంగడి మొగుడి భుజాన వేసింది. ఇద్దరూ కంబన్న ముందు నుంచే పోవాలి. లక్ష్మన్న తల దించుకుని ముందుకు పోయాడు. ఉరుకుందమ్మ మాత్రం ఈసారి మొహం తిప్పుకోలేదు. కొంగు అడ్డం పెట్టుకోలేదు. రెండు నెలల తర్వాత అన్న మొహంలోకి సూటిగా చూసింది.

కంబన్నకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. "తప్పయిపాయ తల్లీ. దేవుడు ఆ దుర్భిణి నా చేతికిచ్చినాడు. లేకపోతే ఎంత పని జరిగిపోతా ఉండ్య" అన్నాడు.

చెల్లెలు నింపాదిగానే మాట్లాడింది. గొంతులో కోపం కూడా లేదు.

"నేను నీ గడపలో కూచోని చెప్పినాన్నా. పొయ్యి కాడ ఉండాడని చెప్పినా, రొట్టె తిన్నాడని చెప్పినా. తోడబుట్టినదాన్ని నేను చెప్తే నమ్మలే. గాజు చెప్తే నమ్మినావు."

ఆ మాట అని, బిందె చంకనెత్తుకుని మొగుడి వెంట నడిచింది. కంబన్న అక్కడే నిలబడిపోయాడు. వాళ్ళు సందు చివర తిరిగిపోయేదాకా అతను వాళ్ళ వైపు చూడలేదు.